చూరుకి ఇంగ్లీషేమిట్రా?

పండక్కి బంధువులింటికి వెళ్ళిన పిల్లవాడికి ముందుగా జంతికల పళ్ళెం కనిపిస్తుంది. పళ్ళేనికీ వాడికీ మధ్య ఒక మావయ్య కూర్చుని ఉంటాడు.

"ఏం చదువుతున్నావురా?"

"ఆరో క్లాసు."

"ఇంగ్లీషు మీడియమేగా? అయితే చూరుని ఇంగ్లీషులో ఏమంటారో చెప్పి తీసుకో."

ఈ మావయ్య లేని వంశం తెలుగునాట ఉండదు. కొన్నిళ్ళలో పెదనాన్నగా, కొన్నిళ్ళలో తాతగారుగా అవతరిస్తాడు. ఇక్కడ చెప్పుకోబోయేది తెనాలి వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన ఒక మాస్టారి గురించి. రిటైరయ్యారన్న మాట ప్రభుత్వ రికార్డుల్లో ఉంది గానీ, చుట్టాల పిల్లలెవరూ నమ్మరు.

సత్యం, దయ, స్వాతంత్ర్యం లాంటి మాటలతో మాస్టారికి పని లేదు. వేలు పెట్టి చూపించగలిగింది కావాలి. దూలం, వాసం, గడప, చిలక్కొయ్య, చేట, జల్లెడ. బీమ్, రాఫ్టర్, త్రెషోల్డ్, పెగ్ దాకా తంటాలు పడి లాక్కొచ్చినవాడు చేట దగ్గర బోల్తా కొడతాడు. 'విన్నోయింగ్ ఫ్యాన్' అని మాస్టారే జవాబు చెబితే వాడు తలెత్తి సీలింగు వంక చూస్తాడు. జల్లెడ స్పెల్లింగు వచ్చినా లాభం లేదు, దాన్ని 'సీవ్' అనకూడదు, 'సివ్' అనాలి. రోకలికి ఇంగ్లీషు చెప్పేటప్పుడు 'టి' పలికితే తప్పు, కప్‌బోర్డులో 'పి' పలికితే తప్పు. చూరు ఒక్కటే ఉన్నా సరే, 'ఈవ్స్' అని చివర ఎస్ పెట్టి తీరాలి. ఈ వ్యాసకర్తకు ఇప్పటికీ పెంకుటింటి చూరు చూస్తే ఆకలేస్తుంది.

మాస్టారి ఆయుధం శంకరనారాయణ నిఘంటువు. అట్ట ఊడిపోతే పురికొస కట్టి వాడుతున్నారు. మరీ మొండి మాట తగిలితే 1852 నాటి బ్రౌన్ నిఘంటువు దించుతారు. ఒక్కసారి మాత్రం రెండూ పనికి రాలేదు. పైపు లీకవుతోందని పిలిపించిన ప్లంబరు, పదో తరగతి గట్టెక్కనివాడు, "ఎల్బో పోయింది సార్, కప్లింగూ రెడ్యూసరూ కూడా తెప్పించండి, గేట్‌వాల్వ్ పట్టేసింది" అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. మాస్టారు ముందు నోట్‌బుక్ తెచ్చుకుని అన్నీ రాసుకున్నారు. ఆ తర్వాతే డబ్బులు తీశారు.

ఈ మావయ్యల జాతికి మూలపురుషుణ్ణి వెతికితే గిరీశం దగ్గర తేలుతాం. గురజాడ తిరగరాసి 1909లో వేసిన 'కన్యాశుల్కం'లో శిష్యుడు వెంకటేశం తల్లి ముచ్చటపడి అడిగితే గిరీశం, వెంకటేశం ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు. మాట్లాడుకోవడమంటే నర్సరీ పద్యం ఒకసారి, జామెట్రీ సూత్రం ఒకసారి, ఎఫ్‌తో ముగిసే నామవాచకాలకు బహువచనం ఇంకొకసారి అప్పజెప్పుకోవడమే. ఆ తల్లి మురిసిపోయింది. మాస్టారికి గిరీశమంటే గిట్టనిది అక్కడే. "ఇంగ్లీషొచ్చినవాడు ముందు తను కూర్చున్నదాని పేరు చెప్పొద్దూ?" అంటారు.

అలాగని మాస్టారిని తీసిపారేయడానికి లేదు. బజార్లో దొరికే ఇంటి భాగాల చార్టుల్లో పొగగొట్టం, ఫైర్‌ప్లేసు బొమ్మలుంటాయి. ఒంటిపూట బడుల ఎండలో, తెనాలి పిల్లలు ఫైర్‌ప్లేసు స్పెల్లింగు బట్టీపడుతుంటే ఆయనకు మండింది. చార్టు చుట్టి బీరువా మీద పడేసి, క్లాసు మొత్తాన్ని బడి ఎదురుగా ఉన్న పెంకుటింటికి తీసుకెళ్ళారు. ఆ ఇంటావిడ పొయ్యి మీద కూర మాడిపోతున్నా నిలబడి పాఠం విన్నదట. అప్పటి పిల్లలు ఇవాళ్టికీ గడప దాటేటప్పుడు 'త్రెషోల్డ్' అనుకుంటారు.

చిక్కల్లా ఆ పెంకుటిల్లు లేకపోవడమే. అక్కడ ఐదంతస్తుల అపార్టుమెంటు లేచింది. చూరు లేదు, వాసం లేదు, సిటౌట్, యుటిలిటీ వచ్చాయి. మాస్టారు ప్రశ్నలు మాత్రం మార్చలేదు. ఇప్పటి పిల్లలకు చూరుకి ఇంగ్లీషు తెలియకపోవడం రెండో సంగతి, ముందు చూరంటే తెలియదు.

అంతలో కూతురు అమెరికాలో, డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఇల్లు కొంది. ఆ ఇంటి వివరాలు చదివి మాస్టారు అడిగిన మొదటి మాట, "మూడున్నర బాత్‌రూములా? ఆ అర ఏదమ్మా?" స్నానానికి వీల్లేకుండా టాయిలెట్టూ వాష్‌బేసినూ మాత్రమే ఉంటే అమెరికా లెక్కలో అది అర. తనూ అక్కడికి చేరాక ఫస్ట్ ఫ్లోర్‌లో పడుకుంటానంటే కింది గది చూపించారు, అక్కడ నేల అంతస్తే ఫస్ట్. పోనీ, మాస్టర్ బెడ్‌రూమైనా తనదేననుకున్నారు, ఎంతైనా మాస్టారు కదా. ఆ పేరు బానిసల కాలాన్ని గుర్తుచేస్తోందని అభ్యంతరాలు రావడంతో 2020లో హ్యూస్టన్ రియల్టర్ల సంఘం తమ లిస్టింగుల్లో దాన్ని 'ప్రైమరీ బెడ్‌రూం' చేసింది. అల్లుడు ఆ సంగతి చెప్పగానే మాస్టారి మొహం చిన్నబోయింది. "హైస్కూలు వాణ్ణి పట్టుకుని ప్రైమరీకి దించారన్నమాట!"

అసలు దెబ్బ మనవడు కొట్టాడు. వాడు బిస్కెట్ల డబ్బా పట్టుకుని తాతగారి ముందు నిలబడేవాడు. ట్యాప్ కాదు, ఫాసెట్. బట్టల కప్‌బోర్డు కాదు, క్లోజెట్. పసిపిల్లల మంచం కాట్ కాదు, క్రిబ్. కాట్ అంటే వాడికి క్యాంపింగులో వేసుకునే మడత మంచం.

మాస్టారు ఊరుకునే మనిషి కాదు. యూల్, బర్నెల్ కూర్చగా 1886లో అచ్చయిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువును కూతురి ల్యాప్‌టాప్‌లో తెరిచి రాత్రంతా కూర్చున్నారు. పొద్దున ఇడ్లీల దగ్గర ఎదురుదాడి మొదలైంది. బంగళా, వరండా ఇంగ్లీషువాళ్ళకు మన దేశంలో దొరికినవే. కాట్ మన ఖాట్. టీపాయ్‌కీ టీకీ సంబంధం లేదు, మూడు కాళ్ళది కనుక ఆ పేరు. గోడౌన్ అన్నచోట మన గిడ్డంగి ప్రస్తావన కూడా ఉంది! మనవడు అంతా శ్రద్ధగా విని, "ఓకే తాతా, అయినా అది ఫాసెటే" అన్నాడు.

తర్వాత వాడు తెలుగు పరీక్ష కూడా పెట్టాడు. "తాతా, డిష్‌వాషర్‌ని తెలుగులో ఏమంటారు?"

మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి, "అమ్మమ్మ" అన్నారు.

అమ్మమ్మ వంటింట్లోంచి వచ్చి సోఫాలో కూర్చుంది. "డిష్‌వాషర్ ఇవాళ చెడిపోయిందని చెప్పరా మీ తాతకి" అని టీవీ పెట్టుకుంది. ఆ పూట అంట్లన్నీ మాస్టారి వంతయ్యాయి. వేణ్ణీళ్ళకు ఫాసెట్ ఎటు తిప్పాలో మాత్రం మనవడు చెప్పాడు, అదీ మాట సరిగ్గా పలికించాక.