మన్ననూర్‌లో రేసు పుస్తకాలు కూడబెట్టుడెట్ల?

అమెరికా కార్ల రేసుల పాత పుస్తకాలు పోగుచేయాలంటే ముందు ఊరు కుదరాలి. మన్ననూర్‌ను మించింది లేదు. శ్రీశైలం రోడ్డు మీద రాత్రి తొమ్మిదికి అడవి గేటు పడితే మళ్లీ పొద్దున ఆరుకే లేస్తుంది. మధ్యలో రోడ్డు పులులది. 1911 మే 30న మొదటి ఇండియానాపోలిస్ 500ను రే హారౌన్ 6 గంటల 42 నిమిషాల్లో ముగించాడు. అంటే మన గేటు దగ్గర ఆగిన లారీ అంగుళం కదిలేలోపు ఆయన 805 కిలోమీటర్లు తిరిగొచ్చి, రెండు గంటలు కునుకు కూడా తీయొచ్చు. వేగం విలువ తెలిసేది ఇక్కడే.

ఈ పుస్తకాలు మన సినిమా పాటల పుస్తకాలకు మేనత్త కొడుకులు. డ్రైవర్ల పేర్లు, కార్ల నంబర్లు, టైర్ల ప్రకటనలు అన్నీ ఉంటాయి, కథ చివర మాత్రం ఉండదు. రేసుకు ముందే అచ్చయినవి కదా! ఎవరు ఎప్పుడు ముందుకొచ్చారో, ఎవరి బండి ఆగిపోయిందో ఆనాటి ప్రేక్షకుడెవరో ఖాళీ పేజీలో పెన్సిలుతో రాసుకుని ఉంటాడు. అలాంటి మురికి కనిపిస్తే రబ్బరుతో శుభ్రంగా చెరిపేయండి. నేనలాగే చేశాను.

1943 నాటి ఇండియానాపోలిస్ 500 పుస్తకం ఎవరైనా అమ్మజూపితే బేరమాడకండి. యుద్ధం వల్ల 1942 నుంచి 1945 దాకా ఆ రేసే జరగలేదు. జరగని రేసు పుస్తకాన్ని మించిన అరుదైన సరుకు ఏముంటుంది? హైదరాబాద్‌కూ ఇదే సూత్రం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జాన్-ఎరిక్ వెర్న్ గెలిచిన ఫార్ములా ఈ రేసు కాయిదాలు ఎవరి దగ్గరైనా ఉంటాయి. రద్దయిన 2024 రేసువి వెతకండి.

దాచడమంటారా, కలరా ఉండలు, వేపాకులు పాతకాలపు మాట. లామినేషన్ చేయించండి. ఆ తర్వాత చెదలు ముట్టవు, కొనేవాళ్లూ ముట్టరు. ఇంట్లోవాళ్లు "ఈ చిత్తుకాయిదాలు ఎప్పుడు తూకానికేస్తవ్?" అంటే కోపం తెచ్చుకోవద్దు. కిలో ధర వాళ్లకే బాగా తెలుసు.

చివరగా, సేకరణను నలుగురికీ చూపించాలి. మొన్న రాత్రి గేటు దగ్గర ఆగిన లారీ డ్రైవరుకు చూపించాను. చాయ్ తాగుతూ బొమ్మలన్నీ ఓపిగ్గా తిరగేశాడు.

"మంచిగున్నయ్ సార్. ఇంతకు గెలిచిందెవరు?"

చివరి పేజీ తీసి చూపించాను. తళతళా మెరుస్తోంది, ఒక్క గీత లేకుండా.