కోడే కదండీ: సటీకా తాత్పర్యము

మూలము: "కోడే కదండీ, కోసేసుకోండి."

అవతారిక: ఈ వాక్యము అపౌరుషేయము. కర్త ఎవరో తెలియదు. మా నల్లపెట్టను వీధికుక్క వీపు మీద పట్టి ఈడ్చిన రోజున పొద్దున తొమ్మిదింటికి పశువుల ఆసుపత్రి కిటికీలోంచి ఒకసారి, పదిన్నరకు ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టరు గారి అరుగు మీంచి ఒకసారి, మధ్యాహ్నం ఫోనులో మా పెద్దబావగారి నోట ఒకసారి, అక్షరం తేడా లేకుండా వెలువడింది. ఆ ముగ్గురికీ ముఖపరిచయం లేదు. అయినా ముగ్గురూ ముందు గొంతు సవరించుకున్నారు. భారతానికి పాఠాంతరాలున్నాయి గాని దీనికి లేవు. ఇంతటి వాక్యానికి ఇన్నాళ్లూ వ్యాఖ్య లేకపోవడం ఆంధ్రవాఙ్మయానికి లోటు.

మెదకు సీమవాడైన మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ అవసరం లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగం పాటిస్తే ఈ వ్యాసం ఇక్కడితో సరి.

ప్రతిపదార్థము:

కోడి = స్పష్టము. (వ్యాఖ్యాత "స్పష్టము" అని దాటేసిన చోటే కుర్రాళ్లు పరీక్ష తప్పుతారని నాకూ తెలుసు. సంప్రదాయం, ఏం చేస్తాం.)

ఏ = అవధారణార్థకము. ఆవు కాదు, గేదె కాదు, మేకైనా కాదు అని నిశ్చయము. ఈ ఒక్క అచ్చు ఎంత బరువో ఆసుపత్రి కిటికీ దగ్గర తెలిసింది. "ఆవా, గేదా?" అన్నారు. కోడి అన్నాను. పెన్నుకు మూత పెట్టేశారు. పోనీ కొక్కెర తెగులుకు టీకా అయినా వేస్తారా అని అడిగాను. ఆ మందు వంద కోళ్లకు సరిపడే సీసాలో వస్తుందట. ఒకసారి కలిపితే రెండు గంటల్లో వాడెయ్యాలట. నాకున్నవి మూడు పెట్టలు. తక్కిన తొంభై ఏడింటినీ ఆ రెండు గంటల్లో ఏ ఊరినుంచి తోలుకు రావాలో ఏ శాస్త్రమూ చెప్పదు. ఇంటింటా నాలుగేసి కోళ్లున్న దేశంలో సీసాలు మాత్రం ఫారాల కొలతకు చేస్తారు.

కదా = జవాబు అక్కర్లేని ప్రశ్న.

అండీ = గౌరవము. నాకు, కోడికి కాదు.

కోసేసుకోండి = ఇందులో కోయు, వేయు, కొను అని మూడు క్రియలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ ఉన్నవి. కోయుట పని. వేయుట ఆ పనిని మళ్లీ ఆలోచించనక్కర్లేకుండా తెముల్చుట. కొనుట ఫలం చేసినవాడికే దక్కుట, అంటే సంస్కృతంలో ఆత్మనేపదం చేసే చాకిరి. పెట్ట వైపునుంచి చూస్తే మాత్రం ఇది శుద్ధ పరస్మైపదం.

విశేషము: కోడి శబ్దం తెలుగులో పుంజుకూ పెట్టకూ సమానమే అయినా, శాస్త్రాలు రెంటినీ సమానంగా చూడలేదు. పాణిని హ్రస్వ దీర్ఘ ప్లుతాలను నిర్వచించడానికి అచ్చులన్నిటిలోనూ ఉకారాన్నే ఎందుకు పట్టుకున్నాడయ్యా అంటే, కు, కూ, కూ౩ అని తెల్లవారుజామున కూసే కోడికూతలో ఆ మూడు మాత్రలూ వరసగా వినబడతాయి కనుక, అని పండితులు చెబుతారు. అనగా పుంజు వ్యాకరణానికి ఉపాధ్యాయుడు. పెట్ట గుడ్డు పెట్టి అరగంటసేపు పేటంతా వినబడేలా చెప్పుకున్నా ఆ అరుపు ఏ సూత్రానికీ ఎక్కలేదు.

అంతకన్నా అన్యాయం కాత్యాయనుడిది. కుక్కుటి అంటే పెట్ట. కుక్కుటి పెట్టిన అండం "కుక్కుట్యండం" కావాలి. కాదు, "కుక్కుటాండం" అనాలని ఆయన వార్తికం. అండశబ్దం పక్కకు రాగానే కుక్కుటికి స్త్రీప్రత్యయం ఊడిపోతుంది. గుడ్డు పెట్టింది పెట్ట, పేరేమో పుంజుది. ఈ వార్తికాన్ని నేను మూడు రాత్రులు తలుచుకున్నాను.

మరి శాస్త్రం పెట్టను పెట్టగా తలుచుకున్న తావే లేదా? ఉంది. అర్ధకుక్కుటీ న్యాయం. కోడిలో సగం కూరకు కోసుకుని తక్కిన సగాన్ని గుడ్లకు అట్టేపెట్టుకోవడం కుదరదని తార్కికులు చెప్పే దృష్టాంతం. చూశారా, ఇక్కడ ఈకారం ఊడలేదు! గుడ్డు దగ్గర పోయిన స్త్రీత్వం కత్తి దగ్గర తిరిగి వచ్చింది.

పోనీ మన తెలుగువాళ్ల కుక్కుటశాస్త్రం ఉంది గదా అంటారేమో. అదీ చూశాను. డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల అని ఈకల రంగును బట్టి పేర్లు. ఏ వారం ఏ రంగు గెలుస్తుంది, ఏ దిక్కునుంచి బరిలోకి వదలాలి, ఏ నక్షత్రం మంచిది... పల్నాడు కోడిపందెంతో రాజ్యమే తారుమారైన జాతి మనది, ఆమాత్రం ఉండాల్సిందే. నాకు దొరికిన ప్రతిలో పెట్ట గాయానికి మందు మాత్రం కనబడలేదు.

అన్నట్టు, పెట్టను మరిచాను. గంప కింద ఉంది.

చివరికి చూసినవాడు పందెం పుంజులు మేపే మనిషి. సంక్రాంతికి బరి దగ్గర సూదీ దారం పట్టుకుని కూర్చుంటాడు. వస్తూనే "పుంజేనాండీ?" అన్నాడు. కాదన్నాను. నిట్టూర్చి, అయినా చంకలో పెట్టుకుని చూశాడు. "కుక్క కాటు కుట్టకూడదండీ, లోపల చీము పడుద్ది" అని, గాయం చుట్టూ ఈకలు కత్తిరించి, కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో మూడుసార్లు కడిగి, పసుపు పెట్టించాడు. ఈగ వాలితే పురుగు పడుతుందని అంచుల వెంట వేపనూనె రాయమన్నాడు. తక్కిన రెంటితో కలపొద్దన్నాడు: నెత్తురు ఎర్రగా కనబడితే తోటి కోళ్లే పొడుస్తాయి. గంప మీద గోనెపట్టా కప్పి చీకటి చేస్తే బెదురు తగ్గుతుందన్నాడు. ఇందులో ఒక్క సంస్కృత పదం లేదు. పైసా పుచ్చుకోలేదు.

మర్నాడు హెడ్మాస్టరు గారు పరామర్శకు వచ్చి, చెయ్యి వేసి చూసి, "ఒళ్లు కాలిపోతోందోయ్, ఎక్కువసేపు ఉండదు" అన్నారు. కోడి ఒంటి వేడి మామూలుగానే 106 డిగ్రీలు. ఆ లెక్కన పుట్టిన కోడల్లా జ్వరంతోనే చస్తుంది. ఆ తరవాత ముక్కు తెరిచి ఉద్ధరిణెతో నీళ్లు పొయ్యబోయారు. ఊపిరిగొట్టం నోరు నాలుక మొదట్లోనే ఉంటుంది, పోస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ముక్కు కొస తడిపితే అదే తాగుతుంది అని చెబితే, "నాకు తెలియదూ" అన్నారు. పెట్ట మాత్రం తలదించి మూకుడులోని నూకలజావ నాలుగు ముక్కులు తాగింది. అది చూసి ఆయన గొంతు సవరించుకున్నారు. మూలవాక్యం మళ్లీ వస్తుందని తెలిసి నేను కాఫీ తెచ్చాను.

తాత్పర్యము: కోడి కనుక కోసుకోదగినది అని వక్త భావము. కోసుకోవడం నాకు తెలియక కాదు, ఆదివారాలు నేనూ తింటాను. కానీ వైద్యం అడిగినవాడికి వంట చెప్పడం ఏ వ్యాకరణం ప్రకారం జవాబో ఆ ముగ్గురిలో ఒక్కరైనా చెబితే ఈ టీక వెనక్కి తీసుకుంటాను.

శేషం స్పష్టము. వీపు మీద కొత్త ఈకల మొలకలు ముళ్లలా లేచాయి. నిన్న పొద్దున గంప ఎత్తితే గోనెపట్టా మడతలో గుడ్డు ఉంది.

మా ఇంట్లో పుంజు లేదు.