మోగింది నేనే

నాది కంచు ఒళ్ళు. పిడి మీద నంది ఉంటుంది. చేసినవాడు పూజగది కోసమే చేశాడు గానీ, నా బతుకంతా సభల్లో గడిచింది. రాజమహేంద్రవరంలో తెలుగు పండితుడిగా రిటైరైన ఒక మాస్టారి చేతి గంటను నేను. చుట్టుపక్కల అష్టావధానం అంటే ఘంటాగణనానికి ఆయన్నే పిలుస్తారు. సంచిలో నేనూ, రెండు చిన్న గిన్నెలూ, గుప్పెడు చింతగింజలూ ఆయన వెంట బయల్దేరతాం.

అవధానం చూడనివాళ్ళకు నా ఉద్యోగం చెప్పాలి. వేదిక మీద ఎనిమిదిమంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, ఒకరు వర్ణన. నిషిద్ధాక్షరివారు అవధాని ఒక అక్షరం పలకగానే తర్వాత ఏది రాకూడదో చెప్పి దారి మూసేస్తారు. ఆశువు, పురాణపఠనం సరేసరి. అవధాని కాగితం, కలం ముట్టకుండా నాలుగు ఆవృత్తుల్లో పాదం పాదంగా పద్యాలు కట్టి, చివర ధారణలో అన్నీ అప్పజెప్పాలి. ఇంతలో అప్రస్తుతప్రసంగి తలదూర్చి, మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారండీ అంటాడు. ఈ గోలలో ఎప్పుడు పడితే అప్పుడు నేను మోగుతాను. ఎన్నిసార్లు మోగానో చివర్లో అవధాని చెప్పాలి. నేను మోగిన ప్రతిసారీ మాస్టారు ఒక చింతగింజను ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి మారుస్తారు. సాక్ష్యం అంతే.

కొట్టడమూ ఒక విద్యే. అవధాని యతి కోసం వెతుక్కుంటున్న క్షణం చూసి కొట్టాలి. చప్పట్ల కింద దాక్కునేలా ఒకటి, వెంటనే ఇంకొకటి, ఆ తర్వాత మరిచిపోయారేమో అనిపించేంత ఎడం. నా మోత తొందరగా ఆగదు. మొదటి దాని తోక ఇంకా వినిపిస్తుండగానే రెండోది పడితే రెండూ ఒకటేమో అనిపిస్తుంది. మాస్టారికి అదో సరదా.

2020 చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు పుట్టి నూటయాభై ఏళ్ళయిన సంవత్సరం. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన ఆయన పేరు తలచుకోకుండా ఏ అవధాన సభా మొదలవదు. ఆ ఏడు సభలకేం కొదవ అనుకున్నాం. ఇంతలో కరోనా వచ్చిపడింది. మార్చి 22 సాయంత్రం 5 గంటలకు దేశమంతా గుమ్మాల్లోకి వచ్చి చప్పట్లు కొట్టింది, పళ్ళేలు వాయించింది, గంటలు మోగించింది. మాస్టారు నన్నూ అరుగు మీదికి తెచ్చారు. అంతసేపు మోగాను గానీ, లెక్కపెట్టే మనిషి లేకుండా మోగడం నాకు అదే మొదలు. 25 నుంచి లాక్‌డౌన్.

సభ లేకపోతే అవధానం లేదని మాస్టారి వాదం. కొన్ని నెలలు పోయాక అవధానిగారే ఫోన్ చేసి, ఆన్‌లైన్‌లో చేద్దామన్నారు. ఆయన హైదరాబాద్‌లో, సమస్యవారు డాలస్‌లో, వర్ణనావిడ మెల్‌బోర్న్‌లో, అప్రస్తుతప్రసంగి కాకినాడలో. ముహూర్తం కంటే కష్టమైన లెక్క వేసి ఆదివారం ఉదయం 7:30 అన్నారు. అది డాలస్‌లో శనివారం రాత్రి 9, మెల్‌బోర్న్‌లో మధ్యాహ్నం 12.

నేను మోగాను. మాస్టారి గదంతా మోగింది. తెర మీద ఒక్క ముఖమూ కదల్లేదు.

ధారణ అయ్యాక అవధానిగారు నా లెక్క మూడన్నారు. అవతలి గిన్నెలో పదిహేడు గింజలున్నాయి. మాస్టారి ముఖం చూడాలి! ఆయన పదిహేడు సార్లు కొట్టారు, అందులో తెర అవతలికి చేరింది మూడు. మనవరాలు వచ్చి సంగతి చెప్పింది. మీటింగ్ నడిపే సాఫ్ట్‌వేర్ మనిషి గొంతును మాత్రమే మాటగా గుర్తిస్తుందట. ఫ్యాను, కుక్క, కుక్కరు, నేను: అన్నిటినీ రొదగా జమకట్టి తుడిచేస్తుందట. నా తోకనే కాదు, తలనూ తుడిచింది. కుక్కరు పక్కన నిలబెట్టినందుకు నాకు ఇప్పటికీ కోపమే.

అసలు తగువు ఆ తర్వాత వచ్చింది. అవధాని ఓడినట్టా, గెలిచినట్టా? కొట్టినవాటినే లెక్కించాలని ఒకరు, వినిపించినవే లెక్క అని ఇంకొకరు. తెర మీద మాస్టారి చెయ్యి కదలడం కనిపిస్తూనే ఉంది కదా, చూసి చెప్పేయవచ్చుగా అన్నారు డాలస్ ఆయన. అవధానిగారు ఒప్పుకోలేదు, అది ఘంటాగణనం కాదు, హస్తగణనం అన్నారు. నేను ఆయన పక్షమే. చెవిని పద్యానికీ గంటకీ రెండుగా పంచడమే ఇందులో ఉన్న కష్టం. కంటితో చేస్తే ఇక నేనెందుకు? తర్వాతి సభకు మనవరాలు ఆ రొద తుడిచే ఏర్పాటును ఆపేసింది, మాస్టారు నన్ను కెమెరాకు అందకుండా బల్ల కింద పెట్టుకున్నారు. ఆ రోజు మరో చిక్కు. కాకినాడ ఆయన మైకు ఆపలేదు. నా మోత ఆయన ఫోన్ స్పీకర్లోంచి బయటికొచ్చి, మళ్ళీ ఆయన మైకులోకే దూరి, రెండోసారి అందరికీ వినిపించింది. ఈసారి ఎక్కువ మోగాను.

నా బాధలు సరే, ఎక్కువ నష్టపోయింది ఆ కాకినాడ ఆయనే. ఆయన కళంతా మాటకు అడ్డుపడటంలో ఉంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఒక గొంతును తొక్కిపెట్టే చోట అడ్డుపడేదెలా? అందుకని చేయి ఎత్తిన బొమ్మ నొక్కి, పిలిచాక మాట్లాడమన్నారు. అనుమతి తీసుకుని అప్రస్తుతం మాట్లాడటం! నిషిద్ధాక్షరికీ అదే గతి. నిషేధం చేరేలోపు అవధాని నోట తర్వాతి అక్షరం వచ్చేసేది, ఆ పైన ఇద్దరూ ఒకరికొకరు క్షమాపణలు. చివరికి ప్రతి అక్షరానికీ ఆగడం అలవాటు చేసుకున్నారు. పద్యం వచ్చింది, పట్టు సడలింది.

అన్నీ నష్టాలే అంటే అబద్ధం. ఒకసారి దత్తపదివారు లింకు, చాటు, మీటు, వీడియో ఇచ్చి, అశోకవనంలో సీతను హనుమంతుడు చూసిన ఘట్టం చెప్పమన్నారు. చాటు చెట్టు చాటున ఒదిగిపోయింది, మీటు గుండె తీగను మీటింది. ఏరులింకినా ఆమె కన్నీరు ఇంకదన్న భావంతో లింకు వచ్చింది, ‘ఏరులింకు’ అని. వీడియో దగ్గర ఆగారు. నేను రెండుసార్లు మోగాను. ‘కపి కిష్కింధ వీడి యోజనములు దాటి’ అన్నారు! మిగతావాళ్ళ మైకులన్నీ ఆపి ఉన్నాయి, అయినా మెల్‌బోర్న్ ఆవిడ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టడం కనిపించింది. సభలో అయితే ఆ పాదాన్ని ఇంకోసారి చదివించుకునేవాళ్ళు. ఇక్కడ చాట్‌లో ‘ఆహా’లు వరసగా జారాయి, అవధానిగారు అటు చూడలేదు.

చూడకపోవడానికి కారణం ఉంది. తెర వెనక కాగితం పెట్టుకున్నారేమోనని చూసేవాళ్ళలో ఎవరో గొణిగారు. ఆ రోజు నుంచి ఆయన ఖాళీ బల్ల, రెండు చేతులూ కనబడేలా పక్కనుంచి ఇంకో ఫోన్ పెట్టుకున్నారు. సభలో ఎవరూ అడగని రుజువు అది. రుజువు మాకూ తప్పలేదు. ఇదివరకు మాస్టారి చింతగింజలు చెప్పిందే వేదం. ఇప్పుడు యూట్యూబ్‌లో ఎవరో వెనక్కి తిప్పి, గంట ఒకటి తక్కువ లెక్కేశారండీ మాస్టారూ అని రాశారు. మాస్టారు రెండుసార్లు విని, కళ్ళజోడు తీసి, నిజమే అన్నారు.

హాళ్ళు తెరిచాక మొదటి సభ మా ఊళ్ళోనే. కాకినాడ ఆయన అలవాటుగా చెయ్యి ఎత్తి ఆగారు. హాలంతా పగలబడి నవ్వింది. అవధానిగారు పద్యం ఆపి, ‘చెయ్యి దించి నోరు ఎత్తండి, బాబూ’ అన్నారు. ఆ నవ్వుల కిందే మాస్టారు నన్ను రెండుసార్లు కొట్టారు, ఈ రెండూ తప్పించుకుంటాయని ఆయన ఆశ. చివర్లో లెక్క చెప్పేటప్పుడు అవధానిగారు మాస్టారి వైపు తిరిగి, ‘ఆ నవ్వులో వేసిన రెండూ కలిపే చెబుతున్నాను, గింజలు సరిచూసుకోండి’ అన్నారు.