చక్రం కింది చెక్క

ఘాట్ రోడ్డు మీద సరుకు లారీ ఆగితే ముందు క్లీనరు కిందికి దూకుతాడు. వెనక చక్రం కింద చెక్క దిమ్మ తోస్తాడు. అది కుదురుకున్నాకే డ్రైవరు బ్రేకు మీంచి కాలు తీస్తాడు. నాదీ అదే జాతి. కాకపోతే నా మీద ఆనుకున్నది విమానం చక్రం. ఎయిర్‌ఫోర్సులో మమ్మల్ని చాక్స్ అంటారు. ఎప్పుడూ జంటగానే ఉంటాం. చక్రానికి ముందొకరం, వెనకొకరం, మా ఇద్దరినీ కలుపుతూ ఒక తాడు. పైలట్ తన సీట్లోంచి రెండు బొటనవేళ్లూ బయటికి చూపిస్తూ చేతులు విప్పాడంటే మమ్మల్ని తీసెయ్యమని అర్థం. కింద ఉన్న కుర్రాడు తాడు లాగుతాడు. మేం పక్కకు జారిపోతాం. విమానం కదులుతుంది.

రైలు పట్టాల కింద వేసే సాల చెట్టు దూలం నుంచి నన్ను కోశారు. బరువు మోయడం కొత్త కాదు. నేను చేరింది 12వ నంబరు స్క్వాడ్రన్‌లో. దాని పుట్టుక 1945 డిసెంబరు 1న, వాయవ్య సరిహద్దులోని కోహాట్‌లో. అప్పుడు దాని దగ్గరున్నవి ఒక్క మనిషి మాత్రమే కూర్చునే స్పిట్‌ఫైర్ ఫైటర్లు. కొంతకాలానికే వాటి స్థానంలో డకోటాలు వచ్చాయి. పోరాడే స్క్వాడ్రన్ కాస్తా మోసే స్క్వాడ్రన్ అయింది. పైలట్లలో ఎందరికో అది చిన్నతనంగా తోచి ఉంటుంది. నాకు మాత్రం అప్పుడే బతుకు మొదలైంది.

డకోటా తోక నేలకు ఆనించుకుని, ముక్కు ఆకాశానికెత్తి నిలబడే విమానం. లోపల నడవాలంటే చిన్న గుట్ట ఎక్కుతున్నట్టే. రెక్కకు ఒకటి చొప్పున రెండు ఇంజన్లు, ఒక్కోదానికి 14 సిలిండర్లు, 1200 గుర్రాల బలం. తలుపు పక్కన, మనిషి ఎత్తున ఉంటుంది కాబట్టి ప్రతి బస్తానూ కింద ఒకరు అందివ్వాలి, పైన ఒకరు అందుకోవాలి. అలా ఒక్కొక్కటే లోపలికి చేరుతుంటే చక్రం నా మీదికి మరికాస్త ఒరుగుతుంది, టైరు అంచు నలుగుతుంది. విమానంలో ఏమెక్కిందో తలెత్తి చూడకుండానే నాకు తెలిసేది. పిండి బస్తాలు నెమ్మదిగా, సమానంగా దిగే బరువు. ఫిరంగి ఒక్కసారి దబ్బున పడే బరువు. మనుషుల బరువు మాత్రం నిలకడగా ఉండదు, అటూ ఇటూ కదులుతూనే ఉంటుంది.

1947 ఆగస్టులో దేశంతో పాటు వైమానిక దళాన్నీ అన్నదమ్ముల ఆస్తిలా పంచుకున్నారు. డకోటాలు నడిపే స్క్వాడ్రన్లు రెండుంటే, 6వ నంబరు పాకిస్తాన్ వాటాకు వెళ్లింది. 12వ నంబరు మనకు మిగిలింది. ఒకే మెస్సులో తిన్నవాళ్లు ఎదురెదురు జట్లయ్యారు. వెంటనే వచ్చిపడ్డ పని ఆ పంపకం మిగిల్చినదే. పశ్చిమ పంజాబులో చిక్కుకున్న కుటుంబాలను ఇవతలికి చేర్చాలి. అప్పుడు నా మీద పడ్డ బరువును ఇప్పటికీ మరచిపోలేదు. విమానం కిక్కిరిసి ఉండేది, టైరు మాత్రం అంతగా నలిగేది కాదు. ఎక్కినవాళ్లలో పిల్లలూ ముసలివాళ్లే ఎక్కువ. చేతుల్లో సామానంటూ ఏమీ ఉండేది కాదు.

అక్టోబరు 22న సరిహద్దు దాటి కాశ్మీరులోకి దాడిమూకలు వచ్చాయి. 26న మహారాజా హరిసింగ్ విలీన పత్రం మీద సంతకం చేశారు. 27 తెల్లవారకముందే ఢిల్లీలో ఇంజన్లు మోగాయి. ఫస్ట్ సిఖ్ బెటాలియన్ జవాన్లు చలికి ముడుచుకుని చీకట్లో వరస కట్టారు. ఒక్కో డకోటాకు 15 మంది, 500 పౌండ్ల సామాను. మా స్క్వాడ్రన్ కమాండర్ వింగ్ కమాండర్ కె.ఎల్. భాటియా ముందుండి నడిపారు. వాళ్లకు ఇచ్చిన ఆజ్ఞ వింటే ఎంత దిక్కుతోచని వేళో అర్థమవుతుంది: శ్రీనగర్ మీద చుట్టు తిరిగి చూడండి, విమానాశ్రయం శత్రువు చేతిలో పడినట్టుంటే దిగకండి, జమ్మూకు తిరిగి రండి. చెప్పడానికి కింద రేడియో మనిషి లేడు. కళ్లతో చూసి తేల్చుకోవాలి.

దిగారు. మహారాజు విమానాల కోసం చేసుకున్న మట్టి నేల అది. ఒక విమానం దిగితే లేచే దుమ్ములో వెనకాల వచ్చేదానికి దారి కనపడేది కాదు. కడుపులో వేసుకుని మమ్మల్నీ తీసుకెళ్లారు, అక్కడ అడ్డు పెట్టడానికి రాయి దొరుకుతుందన్న నమ్మకం కూడా లేదు మరి. ఆ ఉదయం దిగిన బెటాలియన్ కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ దివాన్ రంజిత్ రాయ్ ఆ రోజే బారాముల్లా దారిలో ప్రాణాలు విడిచారు. నాలుగు రోజుల తరవాత కుమావూన్ రెజిమెంటుకు చెందిన మేజర్ సోమనాథ్ శర్మ ఎడమచేతికి సిమెంటు కట్టుతో విమానం ఎక్కారు. వద్దన్నా వినలేదు. నవంబరు 3న బడ్గాంలో, ఆ విమానాశ్రయాన్ని కాపాడుతూనే పోయారు. మొట్టమొదటి పరమవీర చక్ర ఆయనది. చరిత్రలో ఆ రోజును శౌర్యం పేరుతో రాస్తారు, న్యాయమే. కానీ ఆ నేల పోయి ఉంటే తరవాతి చక్రం ఆనడానికి చోటుండేది కాదు. ఒక మనిషి ప్రాణం, దాని వెనక దిగాల్సిన వందల విమానాలు, రెండూ ఒకే తాడుకు కట్టి ఉన్నాయని నాకనిపిస్తుంది. నవంబరు 17 దాకా, సైన్యం విమానాలూ పౌర కంపెనీల విమానాలూ కలిసి, 704 సార్లు వెళ్లాయి. ఒక్కో ప్రయాణానికి ముందు ఎవరో ఒకరు వంగి ఇలాంటి తాడు లాగినవాళ్లే. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

ఆ యుద్ధంలోనే ముట్టడిలో చిక్కుకున్న పూంచ్ గురించి చెప్పాలంటే ఎయిర్ కమొడోర్ మెహర్ సింగ్‌తో మొదలుపెట్టాలి. అందరూ ‘బాబా’ అనేవారు. రెండో ప్రపంచయుద్ధంలో మన వైమానిక దళం నుంచి డీఎస్‌ఓ పతకం పొందినవాడు ఆయనొక్కడే. కుర్రపైలట్లను చావుకెదురు పంపి తాను బల్ల వెనక కూర్చునే మనిషి కాదు. ముందు తాను దిగేవాడు, ఆ తరవాతే మిగతావాళ్లను రమ్మనేవాడు.

పూంచ్ చుట్టూ కొండలు, కొండల మీద శత్రువు. ఊళ్లో బ్రిగేడియర్ ప్రీతం సింగ్ దళం, దానితో పాటు తలదాచుకోవడానికి వచ్చిన వేలాది జనం. తిండి అయిపోవస్తోంది. గడ్డపారలూ తట్టలూ పట్టుకుని జవాన్లూ ఆ శరణార్థులూ కలిసి నేల చదును చేశారు. 1947 డిసెంబరులో బాబా మొదటి డకోటా దించారు. మూడు పక్కలా వాగులే. చక్రం ఆగాల్సిన చోట ఆగకపోతే విమానం వాగులో ఉంటుంది. నేను జన్మలో అంత గట్టిగా నేలకు అతుక్కోలేదు. మామూలుగా మోసేదానికి మించిన బరువుతో వెళ్లేవాళ్లం. రాత్రివేళ నూనె దీపాల గుర్తుతో దిగేవాళ్లం. కొండల మీంచి గుళ్లు పడుతున్నా ఫిరంగులను విమానంలో తెచ్చి దించారు. ఒకసారి ఆ ఫిరంగి దిగుతున్నప్పుడే చక్రం అదిరి నా అంచు ఒకటి చీలిపోయింది. మా కార్పొరల్ రేకు పట్టీ వేసి నాలుగు మేకులు కొట్టాడు. ఆ పట్టీ ఇవాళ్టికీ ఉంది.

వచ్చేటప్పుడు ఖాళీగా రాలేదు. గాయపడ్డవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు ఎక్కేవాళ్లు. పిండి తీసుకెళ్లి మనుషుల్ని తీసుకొచ్చేవాళ్లం. ముట్టడి ఏడాది సాగింది. 1948 నవంబరులో రోడ్డు మీంచి సైన్యం చేరేదాకా ఆ ఊరికి అన్నం ఆకాశం నుంచే వచ్చింది. అదే కాలంలో డకోటా తలుపు దగ్గర కూర్చుని చేతులతో బాంబులు బయటికి దొర్లించిన రాత్రులూ ఉన్నాయి. మోసుకెళ్లడానికి పుట్టిన విమానం చేత ఆ పని కూడా చేయించాల్సి వచ్చింది.

లేహ్‌కు వెళ్లింది 1948 మే 24న. విమానం నడిపింది బాబా, పక్కన మేజర్ జనరల్ తిమ్మయ్య. అంతకుముందు ఆ దారిలో విమానం పోలేదు. సరైన మ్యాపు లేదు. జోజిలా దాటి 23,000 అడుగుల దాకా ఎక్కాలి. డకోటా లోపల గాలి ఒత్తిడి నిలిపే ఏర్పాటు లేదు, రెక్కల మీద పేరుకునే మంచు వదిలించే ఏర్పాటూ లేదు. సోనం నోర్బు అనే లద్దాఖీ ఇంజనీరు స్థానికులను కూడగట్టి సింధు నది ఒడ్డున ఇసుక నేలను చదును చేయించాడు. అదే విమానాశ్రయం, సముద్రమట్టానికి 10,600 అడుగుల పైచిలుకు ఎత్తున. దిగాక ఇంజన్లు ఆపలేదు. ఆ పలుచని గాలిలో, ఆ చలిలో ఆపితే మళ్లీ రాజుకుంటాయో లేదో. రెండు ఇంజన్లూ రంయిమంటుంటే చక్రం ముందుకు తోసుకొస్తుంటే, జారిపోయే ఇసుకలో నేనూ నా జంటా ఎదురొడ్డి నిలబడ్డాం. ఆ తరవాతి రోజుల్లో గూర్ఖా జవాన్లు ఆ దారినే వచ్చారు. లేహ్ చేజారలేదు.

తిరిగొచ్చి జమ్మూ ఎండలో నిలబడినప్పుడు జరిగిందొకటి చెబుతాను. రెక్కల కింది నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారి నా మీద పడ్డాయి. కొత్తగా వచ్చిన కుర్రాడు పెట్రోలు కారుతోందని కంగారుపడ్డాడు. కార్పొరల్ వేలితో తుడిచి వాసన చూపించాడు. నీళ్లే. పైన గడ్డకట్టే చలిలో ట్యాంకుల్లో పెట్రోలు చల్లబడి ఉంటుంది. కింది వేడిగాలి ఆ రెక్కకు తగలగానే చెమరుస్తుంది. ఆ రోజు నుంచి ఆ చుక్కల కోసమే ఎదురుచూసేవాణ్ణి. అవి పడ్డాయంటే మా విమానం కొండలు దాటి ఇల్లు చేరిందన్నమాట.

బాబాకు మహావీర చక్ర ఇచ్చారు. ఉద్యోగం వదిలేశారు. 1952 మార్చి 16న, జమ్మూ నుంచి ఢిల్లీకి వస్తూ తుపాను గాలిలో చిక్కుకుని విమాన ప్రమాదంలో పోయారు. దీపాల వెలుగులో పూంచ్‌లో దిగినవాణ్ణి మామూలు ప్రయాణం తీసుకుపోయింది.

1954లో అమెరికా నుంచి ప్యాకెట్లు వచ్చాయి. ఎగిరే గూడ్సు పెట్టె అనేవాళ్లు. తోక నేలకు ఆనదు, ముందు చక్రం మీద సమంగా నిలబడుతుంది, వెనక తలుపులు తెరిస్తే జీపు నేరుగా లోపలికి పోతుంది. బస్తా చేతులు మారే రోజులు తగ్గాయి. ఎత్తైన చోట్లకు బలం చాలడం లేదని వీపు మీద చిన్న జెట్ ఇంజను బిగించారు. 1962లో ప్యాకెట్ దౌలత్ బేగ్ ఓల్డీలో, 16,000 అడుగులకు పైన దిగింది. మేం ఉండే ఆగ్రా పారాట్రూపర్లకు బడి. పారాచూట్ మీద మొదటి దూకుడు నేర్చుకునేది ఇక్కడి ఆకాశంలోనే. వెళ్లేటప్పుడు మనుషుల బరువుతో నా మీద ఒరిగిన విమానం వచ్చేటప్పుడు ఖాళీగా వచ్చేది. మొదట్లో గుండె గుభేలుమనేది. దూకారంతే, క్షేమంగానే ఉన్నారని తెలియడానికి నాకు కొన్నాళ్లు పట్టింది. 1971 డిసెంబరు 11న టాంగాయిల్ మీద ఒక బెటాలియన్ పారాచూట్లతో దిగినప్పుడు ఆ దూకుడు నేర్పిన ఊరు మాదేనని పొంగిపోయాను.

తరవాత సోవియట్ విమానం ఏఎన్-32 వచ్చింది. వేడికీ ఎత్తుకూ తట్టుకునేలా చేసింది, ఇంజన్లు రెక్కల పైన కూర్చుంటాయి. దానితో పాటు రబ్బరు చాక్స్ వచ్చాయి. నన్ను స్టోరు తలుపుకు అడ్డం పెట్టారు. అది కూడా పనే. గాలికి తలుపు కొట్టుకోకుండా ఏళ్ల తరబడి ఆపాను.

మొన్న శ్రావణ మాసపు ఉక్కలో ఒక కుర్రాడు వచ్చాడు. రబ్బరు చాక్ ఒకటి విరిగిందట. అటూ ఇటూ చూసి నన్ను తీశాడు. రేకు పట్టీ మీద దుమ్ము చేత్తో తుడిచాడు. లద్దాఖ్ నుంచి వస్తున్న విమానం అప్పుడే లైను మీదికి చేరుతోంది. చక్రం ఆగింది. నన్ను ముందుకు తోశాడు. టైరు మెల్లగా ఆనింది. కదులుతున్న బరువు, మనుషులదే. సెలవు మీద ఇళ్లకు పోతున్న జవాన్లు ఒక్కొక్కరే దిగుతున్నారు. అడుగడుగుకూ నా మీద భారం తగ్గుతోంది. ఆఖరివాడు దిగాక ఇంజన్ల చప్పుడు ఆగింది. కాసేపటికి రెక్క కింది నుంచి ఒక చుక్క పడింది. చల్లగా ఉంది.