పాప గొంతు పాపకే వినిపించేదాన్ని

ఉయ్యూరు దగ్గర ఓ పల్లెలో, ఒక పాప కుడి చెవి వెనక ఉంటాను నేను. ఇంట్లో వాళ్ళు ‘చెవి మిషన్’ అంటారు. ఆసుపత్రి కాగితాల్లో నా పేరు స్పీచ్ ప్రాసెసర్. తలకు అయస్కాంతంతో అంటుకుని ఉండే గుండ్రటి బిళ్ళ కూడా నాదే. దాని కిందే, చర్మం లోపల, నా జోడు ఉంది. వచ్చిన ధ్వనిని బొంగురు నుంచి కీచు దాకా స్థాయిల వారీగా విడగొట్టి నేను లోపలికి పంపుతాను. జోడు దాన్ని విద్యుత్తుగా మార్చి, లోపలి చెవిలోని కాక్లియాలోకి చొప్పించిన సన్నటి తీగ ద్వారా వినికిడి నరానికి అందిస్తుంది. మామూలు చెవిలో ఈ పని చేసే రోమకణాలు 3,500 దాకా ఉంటాయి. నా తీగ మీద ఉన్నవి 22 ఎలక్ట్రోడ్లే.

నా వంశకర్తల్లో ఒకరు ఆస్ట్రేలియా వైద్యుడు గ్రేమ్ క్లార్క్. ఆయన తండ్రికి చెవుడు. మెలికలు తిరిగిన కాక్లియాలోకి తీగ ఎలా పంపాలో తోచక, సముద్రపు ఒడ్డున దొరికిన గవ్వలోకి గడ్డిపరకలు దూర్చి చూశాడట. మొదలు గట్టిగా, కొస మెత్తగా ఉన్న పరక సులువుగా లోపలికి పోయింది. 1978 ఆగస్టు 1న మెల్‌బోర్న్‌లో రాడ్ సాండర్స్ అనే ఆయనకు తన పరికరాన్ని అమర్చాడు.

నన్ను చూసినవాళ్ళంతా, ఎదుటివాళ్ళ మాట పాపకు వినిపించడమే నా పని అనుకుంటారు. అది సగమే. నా మైక్‌కు అందరికంటే దగ్గరగా ఉండే నోరు పాపదే. నేను చేరవేసే గొంతుల్లో ముఖ్యమైనది ఆమె సొంత గొంతు.

నేను రాకముందు సంగతి వాళ్ళమ్మ చెబుతుంటే విన్నాను. పుట్టిన కొత్తలో పాప అందరు పిల్లల్లాగే ఊ కొట్టింది, ఉంగాలు పలికింది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. ఊ కొట్టడానికి చెవులతో పనిలేదు. ఏడో నెల, ఎనిమిదో నెల దాటాక ‘బబ్బబ్బ, దద్దద్ద’ రావాలంటే మాత్రం తన గొంతు తనకు వినబడాలి. పాపకు అవి రాలేదు. “మీ తమ్ముడికీ మాటలు ఆలస్యంగానే వచ్చాయి, కంగారుపడకే” అంది అమ్మమ్మ. ప్రేమతో అన్న మాటే, కానీ ఆ ఎదురుచూపులోనే విలువైన కాలం పోయింది. చివరికి విజయవాడలో, శబ్దానికి వినికిడి నరం స్పందించే తీరును చూసే బెరా పరీక్ష చేస్తే రెండు చెవులూ వినబడవని తేలింది. అమ్మానాన్నలది మేనరికం. అలాంటి కుటుంబాల్లో పుట్టుకతో వచ్చే చెవుడు ఎక్కువగా కనిపిస్తుంది. లక్షల ఖరీదు చేసే నాలాంటివాటిని పేదల ఇళ్ళకు చేర్చింది 2007లో మొదలైన ప్రభుత్వ పథకం ఆరోగ్యశ్రీ. అది చేసిన గొప్ప మేలుల్లో ఇదొకటని నేను గట్టిగా నమ్ముతాను.

మాట తయారయ్యే తీరు వింతగా ఉంటుంది. పెదవులకీ నాలుకకీ ఆజ్ఞ పంపేటప్పుడే మెదడు, ఇప్పుడు ఏ ధ్వని రావాలో ముందుగా అంచనా వేసుకుంటుంది. చెవిలో పడిన ధ్వనిని ఆ అంచనాతో పోల్చుకుంటుంది. రెండూ కలిస్తే సరే, తేడా వస్తే సెకనులో పదో వంతు పైచిలుకు కాలంలోనే దిద్దుబాటు మొదలవుతుంది. 1998లో జాన్ హౌడ్, మైఖేల్ జోర్డాన్ అనే శాస్త్రవేత్తలు కొందరితో గుసగుసగా మాటలు పలికించి, వాటిలో అచ్చును మార్చి అప్పటికప్పుడే వాళ్ళ చెవుల్లో వినిపించారు. ఆ మార్పుకు ఎదురు దిశలో వాళ్ళు తమ ఉచ్చారణను తెలియకుండానే సర్దుకున్నారు. తర్వాత చెవుల్లో రొద పెట్టి సొంత గొంతు వినబడకుండా చేసినా, ఆ కొత్త అలవాటు కొంత నిలిచే ఉంది.

పాప విషయంలో ఇదంతా ఒక్క ‘స’ దగ్గర కళ్ళకు కట్టింది. ‘స’లోని బుసబుస బాగా కీచుస్థాయిలో ఉంటుంది. నేను రాకముందు పెట్టుకున్న వినికిడి యంత్రంతో అది పాపకు అందనే లేదు. విజయవాడ సూర్యారావుపేటలో స్పీచ్ థెరపీకి వెళ్ళినప్పుడు అక్కడి మేడమ్ ‘బస్సు’ అంటే పాప ‘బత్తు’ అనేది. నేను ఇద్దరి మాటా వినిపించాను. మేడమ్ అన్నదీ తాను అన్నదీ ఒకటి కాదని పాప మెదడుకు తెలిసింది. ఆ తేడాను నాలుక ఒక్కపూటలో అందుకోలేదు. ‘బత్తు’ కాస్తా ‘బచ్చు’ అయింది, ఆ తర్వాత చాన్నాళ్ళకు ‘బస్సు’ వచ్చింది. ఉయ్యూరు బస్సు కోసం పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో నిలబడ్డప్పుడు పాప ఆ మాట తనకు తానే మళ్ళీ మళ్ళీ చెప్పుకునేది. ఎవరూ చెప్పమనలేదు. తన గొంతు తనకు వినబడే పిల్ల చేసే పనే అది.

నా బ్యాటరీ అయిపోతే ఆ సంగతి పాప కంటే ముందు వాళ్ళమ్మకు తెలుస్తుంది. “దీని గొంతు పెద్దదై, స-లు మొద్దుబారాయంటే బ్యాటరీ అయిపోయినట్టేనండీ” అని ఆమె మేడమ్‌తో చెప్పింది. అమెరికాలోని ఎంఐటీలో జోసెఫ్ పెర్కెల్, మారియో స్విర్‌స్కీ బృందం పెద్దవాళ్ళ ప్రాసెసర్లు ఆపి, మళ్ళీ వేసి, ఉచ్చారణ ఎలా మారుతుందో కొలిచి 1992లో ప్రచురించింది. ఈ తల్లి అదే సంగతి వంటింట్లో నిలబడి పసిగట్టింది.

విజయవాడ బెంజ్ సర్కిల్‌లో హారన్ల మధ్య వాళ్ళమ్మ గొంతు దానంతటదే పెరుగుతుంది. ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లొంబార్ 1911లో వివరించిన గుణమది. ఈ మధ్య పాప గొంతూ అక్కడ పెరుగుతోంది. రొదలో తన మాట మునిగిపోతోందని తనే కనిపెడుతోందన్నమాట.

నాకు అందనివీ ఉన్నాయి. రాగంలోని ఎత్తుపల్లాలు 22 ఎలక్ట్రోడ్లతో సరిగా పట్టుబడవు. అందుకే పాప పాట శ్రుతిలో నిలవదు. కృష్ణా తీరపు ఉక్కపోత, చెమట నాకు పడవు. రాత్రిళ్ళు తేమ పీల్చే డబ్బాలో పెడితేనే పొద్దున పనిచేస్తాను.

ఇది చదివే అమ్మలకూ నాన్నలకూ అమ్మమ్మలకూ ఒక మాట. బిడ్డ పుట్టిన 1 నెలలోపే లోపలి చెవి స్పందనను చూసే ఓఏఈ పరీక్ష చేయించండి. నొప్పి ఉండదు, బిడ్డ నిద్రలో ఉండగానే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. తేడా ఉందంటే 3 నెలల్లోపు బెరా పరీక్షతో తేల్చుకోండి, 6 నెలలు నిండేలోపు చికిత్స మొదలుపెట్టించండి. ఊ కొడుతోంది కదా అని మాత్రం ఆగకండి.