సకుటుంబ సశునక విదేశయాత్ర

కుక్కతోక పట్టుకుని గోదారి ఈదలేమని పెద్దలన్నారు. గోదారి దాకా ఎందుకు, దాని ఉపనది మంజీరను దాటాలన్నా మా బాన్సువాడ వాళ్లు బుద్ధిగా వంతెన మీదుగానే వెళ్తారు. కొత్త తరం పెద్దల మాట ఎప్పుడు విన్నది కనుక! అది ఇప్పుడు కుక్కతోక పట్టుకుని ఏకంగా సముద్రాలే దాటుతానంటోంది. వీపున సంచి, సంచిలోంచి తొంగిచూసే కుక్క, వెనకాల మంచుకొండ, ముందర సెల్ఫీ కర్ర. కింద ఒక సిద్ధాంతం: "నా బిడ్డను వదిలి నేను ప్రపంచం చూడలేను." బిడ్డ అంటే కుక్క. కన్నవాళ్లను మాత్రం ఊళ్లో వదిలి నిక్షేపంగా ప్రపంచం చూడొచ్చు. దానికి ఏ వీడియోలోనూ ఎవరూ కళ్లు తుడుచుకోరు.

ఈ యాత్రికులకు ఏ కష్టం వచ్చినా అది 'అడ్వెంచరే'. విమానం ఎక్కనివ్వకపోతే అడ్వెంచర్, కుక్కను క్వారంటైన్‌లో పెడితే అడ్వెంచర్, హోటల్ వాడు బయటికి పొమ్మంటే మరీ పెద్ద అడ్వెంచర్. ముందుగా అచ్చువేసి పెట్టిన నిబంధనను చదవకుండా వెళ్లి ఢీకొట్టుకోవడాన్ని మా దగ్గర అడ్వెంచర్ అనరు. ఏమంటారో మర్యాదగల పత్రికలో రాయలేను.

కాగితాల సంగతి చూద్దాం. బాన్సువాడ కుర్రాడొకడు తన లాబ్రడార్‌తో కలిసి రెండు వారాలు యూరప్ తిరగాలని సంకల్పించాడనుకుందాం. ముందు కుక్క మెడ దగ్గర చర్మం కింద పదిహేను అంకెల మైక్రోచిప్ పెట్టించాలి. ఆ తర్వాతే రేబిస్ టీకా. వరస తప్పి ముందు టీకా వేయించి తర్వాత చిప్ పెట్టిస్తే ఆ టీకా లెక్కలోకి రాదు. టీకా వేసిన 30 రోజులు గడిచాక రక్తం తీసి యూరోపియన్ యూనియన్ గుర్తించిన ప్రయోగశాలకు పంపాలి. మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లకు తగ్గకుండా యాంటీబాడీలు ఉన్నాయని తేలాలి. తేలిందని ఎగిరి గంతేయకూడదు, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. చివర్లో ప్రభుత్వ పశువైద్యుడి ఆరోగ్య ధ్రువపత్రం. అది చేతికొచ్చిన పది రోజుల్లోపు యూరప్ గడప తొక్కాలి. అంటే రెండు వారాల విహారానికి తక్కువలో తక్కువ నాలుగు నెలల తపస్సు. యజమాని ఉద్యోగంలో ప్రొబేషన్ కూడా ఇంత నిష్ఠగా పూర్తిచేసి ఉండడు.

ఇక్కడొక చమత్కారం ఉంది. బూస్టర్ టీకాలు గడువు తప్పకుండా వేయిస్తూ పోతే కుక్క ఆ రక్తపరీక్ష మళ్లీ రాయనక్కర్లేదు, ఒకసారి పాసైతే పాసైనట్టే. యజమానికి ఆ సౌకర్యం లేదు. షెంజెన్ వీసా కోసం బ్యాంకు స్టేట్‌మెంట్లు, హోటల్ బుకింగులు, జీతం రసీదులు పట్టుకుని ఆయన ప్రతిసారీ పరీక్ష రాయాలి, ప్రతిసారీ తప్పే అవకాశమూ ఉంది. కుక్క అర్హత సంపాదించి, యజమాని వీసా తిరస్కరణకు గురైన ఇంట్లో ఆ రాత్రి ఎవరు ఎవరిని ఓదార్చి ఉంటారో ఊహించుకోండి.

యూరప్ కాకపోతే ఇంకో దేశం అంటారా? జపాన్‌కైతే రక్తపరీక్ష తర్వాత 180 రోజులు ఆగాలి. మాల్దీవులకు మన సినిమా తారలు పోతారు, కుక్కలు పోవు. అక్కడికి వాటి దిగుమతే నిషేధం. అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి నిబంధనలు బిగించింది. రేబిస్ ప్రమాదం ఎక్కువున్న దేశాల జాబితాలో మనమూ ఉన్నాం కాబట్టి మన కుక్కకు ఆరు నెలల వయసు నిండాలి, చిప్ ఉండాలి, ఫారం నింపాలి, వాళ్లు చెప్పిన కొద్దిపాటి విమానాశ్రయాల్లోనే దిగాలి, దిగగానే పరీక్షకు అక్కడి జంతు సంరక్షణ కేంద్రంలో ముందే బుకింగ్ చేసుకుని ఉండాలి. చెల్లుబాటయ్యే రక్తపరీక్ష కాగితం లేకపోతే 28 రోజుల క్వారంటైన్. కొడుకు దగ్గరికి డాలస్ వెళ్లే తల్లిదండ్రులే నయం, వాళ్లను ఆవకాయ సీసా గురించి మాత్రమే అడుగుతారు.

ఆస్ట్రేలియా సంగతి మరీ ఘనం. భారతదేశం నుంచి నేరుగా వచ్చే కుక్కను ఆ దేశం అనుమతించదు. ముందు తాము ఆమోదించిన మరో దేశానికి తీసుకెళ్లి, అక్కడి నుంచి రమ్మంటుంది. డబ్బుంటే కుదురుతుందిలే అనుకునేవారి కోసం ఒక చరిత్ర పాఠం. 2015లో హాలీవుడ్ నటుడు జానీ డెప్, అప్పటి భార్య ఆంబర్ హర్డ్ తమ యార్క్‌షైర్ టెర్రియర్లు పిస్టల్, బూలను సొంత విమానంలో, చెప్పాపెట్టకుండా క్వీన్స్‌లాండ్‌కు తెచ్చారు. కుక్కల్ని వెంటనే వెనక్కి పంపండి, లేదంటే చంపించేస్తామని వ్యవసాయ మంత్రి బార్నబీ జాయిస్ హెచ్చరించాడు. కుక్కలు వెళ్లిపోయాయి, కేసు మిగిలింది. 2016లో ఆమె తప్పుడు పత్రం ఇచ్చానని కోర్టులో ఒప్పుకుంది. భార్యాభర్తలిద్దరూ కెమెరా ముందు కూర్చుని, బడిలో తప్పు చేసిన పిల్లల్లా బయోసెక్యూరిటీ గొప్పతనం గురించి అప్పజెప్పారు. సముద్రపు దొంగగా వేషం కట్టి కోట్లు గడించిన కథానాయకుణ్ణే రెండు బొచ్చుకుక్కలు నిలువునా ముంచాయి. మన యూట్యూబర్ ఎంత!

అసలు 'సంచిలో కుక్క' అన్నదే పెద్ద బూటకం. బ్రిటన్‌కు విమానంలో కుక్క వస్తే కార్గోగానే రావాలి. దుబాయికీ అంతే. అంటే ఫొటోలో భుజం మీద కూర్చున్న 'బిడ్డ', అసలు ప్రయాణంలో సరకుల జాబితాలో ఒక నంబరు. కార్గో అంటే ఏమిటో కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. గల్ఫ్ నుంచి దుప్పట్లు, సబ్బులు, ఖర్జూరాలు నింపిన డబ్బాలు అందులోనే వస్తాయి. శవపేటికలూ అందులోనే వస్తాయి. ప్రేమకు గుర్తుగా ఒక ప్రాణిని ఆ దారిన పంపే సరదా మాత్రం ఈ ప్రాంతానికి కొత్త.

పగ్ యజమానులకు ప్రత్యేక నమస్కారం. 2003 నాటి హచ్ ఫోను ప్రకటన పుణ్యమాని ఊరూరా వెలసిన ఈ చప్పిడి ముక్కు జీవికి నేల మీదే ఊపిరి సరిగా ఆడదు. బాన్సువాడ మే నెల ఎండలో అది పడే అవస్థ చూస్తేనే జాలేస్తుంది. అందుకే చాలా విమానయాన సంస్థలు ఈ జాతుల్ని ఎక్కించుకోవు. అలాంటి కుక్కను ఆకాశంలోకి ఎక్కించి దానికి లోకం చూపిస్తానంటారు. ఆ కుక్క కోరేది లోకం కాదు మహాప్రభో, కాస్త గాలి.

ఇంతా చేసి అక్కడికి చేరాక జరిగేదేమిటి? మ్యూజియంలోకి రానివ్వరు, సగం హోటళ్లు రానివ్వవు, చవక హాస్టళ్లు అసలే రానివ్వవు. భార్య లోపల మోనాలిసాను చూస్తుంటే భర్త బయట గొలుసు పట్టుకుని నిలబడతాడు, తర్వాత ఆమె నిలబడితే ఆయన చూస్తాడు. పారిస్ మొత్తం షిఫ్టుల్లో సాగుతుంది. కుక్కకేమో కళ్లతో కాదు, ముక్కుతో చూసే అలవాటు. దాని లెక్కలో ఐఫిల్ టవర్ కూడా ఒక స్తంభమే, కాకపోతే కాలెత్తడానికి కొంచెం పెద్దది. నిజాంసాగర్ కాలువ గట్టున పొద్దున్నే ఒక గంట వదిలితే దానికి దొరికే ఆనందానికి యూరో అక్కర్లేదు.

దేశం దాటకముందే ఈ ముచ్చట ఎక్కడిదాకా పోయిందో గుర్తుందా? 2022 మే నెలలో ఒకాయన తన హస్కీని కేదార్‌నాథ్ తీసుకెళ్లి, బొట్టు పెట్టించి, నంది విగ్రహాన్ని దాని పాదాలతో తాకించి వీడియో పెట్టాడు. ఆలయ కమిటీ పోలీసులకు ఫిర్యాదు చేసింది. కుక్కకు భక్తి కుదిరిందో లేదో తెలియదుగానీ, వీడియోకు మాత్రం వీక్షకులు కుదిరారు.

ఇలాంటప్పుడు మనవాళ్లు తీసే బ్రహ్మాస్త్రం ఒకటుంది: "ధర్మరాజు కుక్క లేకుండా స్వర్గానికి రానన్నాడు కదా!" అన్నాడు, నిజమే. కానీ మహాప్రస్థానంలో కుక్క తనంతట తాను, తన కాళ్లతో, ఆయన వెంట నడిచింది. ఆయన దాన్ని డబ్బాలో పెట్టి కార్గోలో వేయలేదు. పైగా ఆయన రాజ్యం, నగలు, ఆయుధాలు అన్నీ వదిలేసి బయల్దేరాడు. వీళ్లు కెమెరా, డ్రోను, పవర్ బ్యాంకుతో సహా అన్నీ మోసుకుని బయల్దేరతారు. ఆ కుక్క సాక్షాత్తూ యమధర్మరాజు కాబట్టి ఇంద్రుడు రక్తపరీక్ష అడగలేదు. మీ స్కూబీకి ఆ హోదా లేదు.

కుక్క ఇష్టాయిష్టాలు అడగకుండా దాన్ని దూరప్రయాణం పంపడంలో రికార్డు సోవియట్ యూనియన్‌ది. మాస్కో వీధుల్లో తిరిగే లైకాను 1957 నవంబరు 3న స్పుత్నిక్-2లో అంతరిక్షానికి పంపారు. తిరుగు టికెట్టు లేదు. ఆ తర్వాత దానికి విగ్రహాలు కట్టారు, తపాలా బిళ్లలు వేశారు. బతికుండగా దానికి కావలసింది మాస్కోలో ఒక బొక్క ముక్క.

కుక్కతో సరిహద్దు దాటేవాళ్లందర్నీ నేను వెక్కిరించడం లేదు. 2022లో ఉక్రెయిన్ మీద బాంబులు పడుతున్నప్పుడు మన విద్యార్థులు కొందరు పెంపుడు కుక్కను, పిల్లిని వదిలి రామన్నారు. కేంద్ర ప్రభుత్వమూ ఆ ఒక్కసారికి నిబంధనలు సడలించింది. తణుకు నుంచి వెళ్లిన తెలుగు డాక్టరొకాయనైతే తన జాగ్వార్‌ను, నల్ల చిరుతను వదలనని యుద్ధభూమిలోనే ఆగిపోయాడు. జాగ్వార్‌ను పెంచడం తెలివైన పనేనా అన్నది వేరే చర్చ. కానీ ఆపదలో వదలకపోవడం వేరు, ఆపదలేని చోటికి వెళ్లి ఆపద కొనితెచ్చుకుని దాన్ని చిత్రీకరించడం వేరు.

మా ఊళ్లో ఇలాంటి కుక్కయాత్ర వీడియో ఒకటి చూస్తే గల్ఫ్‌లో సగం జీవితం గడిపి వచ్చిన కాక ఎవరైనా ఏమంటాడో చెప్పగలను.

"ఏందిరా అది, కుక్కకు గూడ మెడికలా?"

"అవు కాక. రక్తం తీస్తరు, యూరప్‌ల చూస్తరు."

"మాకు గూడ తీసిండ్రు. అన్‌ఫిట్ అని రాస్తే ఏజెంటుకు కట్టిన పైసలు పోయినయి. కుక్క అన్‌ఫిట్ అయితే?"

"ఇంటికాడనే ఉంటది కాక."

"అదృష్టం జేసుకున్నది పో!"

నవ్వులాటే, కానీ లెక్క తప్పు కాదు. పదో తరగతి పాసవని బాన్సువాడ కూలీ గల్ఫ్‌కు పోవాలంటే, 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం, పాస్‌పోర్టు చేతిలో ఉన్నా మళ్లీ క్లియరెన్స్ తీసుకోవాలి. కుక్క అడుగులన్నీ ఆయనవి కూడా: రక్తపరీక్ష, ధ్రువపత్రం, అనుమతి, ఎదురుచూపు. ఒక్క తేడా, దాన్ని ఆయన అడ్వెంచర్ అనలేదు, ఆయనకు సబ్‌స్క్రైబర్లూ పెరగలేదు.

ఇప్పుడు అసలు మాట. ప్రపంచమంతా మన కుక్కను చూసి ఎందుకు జంకుతోంది? జాతివివక్ష అని యాత్రికులు వీడియోల్లో వాపోతుంటారు. కాదు, రేబిస్. పాశ్చర్ మొదటిసారి మనిషికి రేబిస్ టీకా వేసింది 1885లో. నూటనలభై ఏళ్లు దాటినా, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన, ఈ జబ్బుతో చనిపోయేవారిలో మూడో వంతుకు పైగా మన దేశంలోనే ఉన్నారు. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకని జబ్బిది. కుక్కల్లో కనీసం 70 శాతానికి ఏటా టీకా పడితే వ్యాప్తి ఆగుతుందని శాస్త్రం తేల్చింది. 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను రూపుమాపుతామని కేంద్రం 2021లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక కూడా విడుదల చేసింది. వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ, టీకా స్థానిక సంస్థల బాధ్యతేనని 2023 నిబంధనలు చెబుతున్నాయి. టీకా వేసి, ఆపరేషన్ చేసి, ఎక్కడ పట్టుకున్నారో అక్కడే వదలాలని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పింది. రేబిస్ సోకినవాటిని, మీదపడి కరిచేవాటిని మాత్రం వదలొద్దంది. కాగితం మీద కుక్కల విషయంలో మనంత ముందున్న దేశం లేదు. బస్టాండు వెనకాల మాత్రం టీకా ఎరగని గుంపు నిశ్చింతగా పడుకుని ఉంటుంది.

మీ లాబ్రడార్‌కు మూడు నెలల నిరీక్షణ వేసింది బ్రస్సెల్స్ అధికారి అనుకుంటున్నారు. కాదు, మన మున్సిపాలిటీల బద్ధకం వేసింది, అందులో మన వాటా కూడా ఉంది. వీధిలో రేబిస్ ఉన్నంతకాలం ఇంట్లో ఏసీ గదిలో పడుకునే కుక్క కూడా విదేశాల లెక్కలో అనుమానితురాలే. ఈ జబ్బును వదిలించుకున్న దేశాల కుక్కలు ఇంత తతంగం లేకుండానే సరిహద్దులు దాటుతున్నాయి. వాటి యజమానులు మనకన్నా ప్రేమగలవాళ్లు కారు, వాళ్ల ఊళ్లు టీకాలు వేయించాయి, అంతే.

కాబట్టి శునక సమేత యాత్రికులకు ఒక మనవి. ఈసారికి కుక్కను అమ్మానాన్నల దగ్గర వదిలి మీరు వెళ్లిరండి. అది బెంగపెట్టుకోదు, రెండు పూటలా పెరుగన్నం తిని ఒళ్లు చేస్తుంది, అమ్మానాన్నలకూ తోడుంటుంది. చిప్‌కు, రక్తపరీక్షకు, కార్గో డబ్బాకు పెట్టబోయిన డబ్బులో కొంత తీసి మీ గల్లీ కుక్కలకు రేబిస్ టీకా వేయించండి, మిగతావాటికి వేయించమని మీ వార్డు కౌన్సిలరును అడగండి. సెప్టెంబరు 28 ప్రపంచ రేబిస్ దినం. ఆ రోజు దాకా ఆగాల్సిన పనైతే లేదు.