అర అంగుళం బాబాయిగారు

ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఒక బాబాయిగారుంటారు. వరసకి ఎవరికీ బాబాయి కాకపోవచ్చు. ఎవరింట్లో కుళాయి కారినా, ఎవరి గీజరు మూలిగినా, పిలుపుతో పనిలేకుండా లుంగీ ఎగ్గట్టి గుమ్మంలో ప్రత్యక్షమై, "ప్లంబరెందుకు దండగ, నేను లేనూ?" అంటారు. ఆ మాటకి ఇల్లాలి ముఖం పాలిపోతుంది. ఆయన దాన్ని మొహమాటం కింద జమకట్టుకుంటారు.

వనస్థలిపురంలో మా బ్లాకుకి దక్కిన బాబాయిగారు ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యారు. సర్వీసంతా ఊళ్ళోవాళ్ళ బిల్లుల మీద అభ్యంతరాలు రాశారు. ఇప్పుడు బిల్లులు పోయాయిగానీ అభ్యంతరాలు మిగిలిపోయాయి. వాటిని మా పైపుల మీదా, స్విచ్చుల మీదా, తలుపు గడియల మీదా ఖర్చుపెడుతున్నారు. కారుతున్న కుళాయి ముందు చతికిలబడి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "ఎవరయ్యా దీన్ని శాంక్షన్ చేసింది?" అని అడుగుతారు. జవాబు చెప్పవలసిన బిల్డరు ఎప్పుడో ఫోను నంబరు మార్చేశాడు.

ఆయన సరంజామా అంతా ఎప్పుడో డానిష్ బిస్కెట్లు వచ్చిన నీలం రేకు డబ్బాలో ఉంటుంది. తల అరిగిన స్క్రూలు, జోడు తప్పిన నట్లు, ఏ కుళాయివో చెప్పలేని వాషర్లు, సగానికి విరిగిన ఆక్సా బ్లేడు. దేన్నీ పారేయరు. "పనికొస్తుంది" అంటారు. నాకు తెలిసి ఆ డబ్బాలోంచి ఇంతవరకూ ఏదీ ఎవరికీ పనికిరాలేదు. ప్రతి రిపేరుకీ కొత్త సామానే కొంటారు, మిగిలిందీ చెడిందీ డబ్బాలో చేరుతుంది. దాన్ని మూయాలంటే ఇప్పుడు ఇద్దరు కావాలి.

పిసినారితనం అని ఎవరైనా అంటే నేనొప్పుకోను. పది రూపాయల వాషరు కోసం వీధి చివరి కొట్టు వదిలేసి, ఆటో కట్టించుకుని రాణిగంజ్ దాకా వెళ్ళొచ్చే మనిషిని పిసినారి అనడం అన్యాయం. పని తొందరగా తెమిలిపోతేనే ఆయనకి ఆ పూట అన్నం సహించదు.

అలాంటి మనిషికి మా వంటింటి సింకు దొరికింది.

వంటింట్లో కొత్తగా అల్మరాలు బిగించినవాళ్ళకి సింకు కింది సొరుగు ఒకటి లోపలికి పోలేదు. గోడలోంచి నాలుగంగుళాలు ముందుకొచ్చిన మురుగునీటి పైపు అడ్డొచ్చింది. వాళ్ళు సొరుగుని తగ్గించలేదు, కటింగ్ మిషను పెట్టి పైపునే కోసేశారు. సొరుగు సుఖంగా లోపలికి వెళ్ళింది. పైపు మాత్రం టైలు మీద అర అంగుళం మిగిలింది.

ఈ అర అంగుళం సంగతి కాస్త చెప్పాలి. పీవీసీ పైపుకి పైపు కలపాలంటే మధ్యలో కప్లరు పెడతారు. అందులోకి పైపు కనీసం అంగుళమైనా దూరాలి. దూరినంత మేరా సాల్వెంటు సిమెంటు రాస్తారు. అది మామూలు జిగురులాంటిది కాదు. రెండు ప్లాస్టిక్కుల పైపొరనీ కొంచెం కరిగించి ఒకటిగా కలిపేస్తుంది. ఎంత మేర దూరితే అంత మేరే ఆ పట్టు. అర అంగుళం దూరిస్తే మొదటి పండక్కి అంట్లగిన్నెలన్నీ ఒకేసారి సింకులో పడ్డ రోజున ఊడి చేతికొస్తుంది.

ప్లంబరుకి ఫోను చేద్దామని నేను జేబులో చెయ్యి పెట్టేసరికి వాచ్‌మన్ ద్వారా వార్త మూడో అంతస్తుకి చేరిపోయింది. నీలం డబ్బా చప్పుడు చేసుకుంటూ మెట్లు దిగింది.

బాబాయిగారు సింకు కింద దూరి, టార్చి వేసి, స్టీలు స్కేలుతో కొలిచి, లోపల్నుంచే ప్రకటించారు. "50 ఎంఎం. అంగుళానికి 25.4. అంటే రెండంగుళాలు. రెండంగుళాల కప్లరు తెస్తే చాలు."

లెక్క నిక్షేపంలా ఉంది. ఏ ఆడిటరూ తప్పుపట్టలేడు. పైపుల బజారు మాత్రం ఆ లెక్కతో నడవదు. ఎంఎం అంటే పైపు బయటి వెడల్పు. అంగుళాల పేరేమో లోపలి బోలు నుంచి వచ్చిన పాత అలవాటు. కొట్టులో 50 ఎంఎం పైపుని ఒకటిన్నర అంగుళం అంటారు. రెండంగుళాలు అని అడిగితే 63 ఎంఎం చేతిలో పెడతారు. రాణిగంజ్‌లో టీ అందించే కుర్రాడికి కూడా ఇది తెలుసు. "గోడలో ఉన్న పైపెంత సార్?" అని కొట్టువాడు అడిగాడట. "అది నీకెందుకయ్యా, నేను లెక్క చేసుకొచ్చాను" అని ఈయన గద్దించారట. ఈ సంగతి ఆయనే గర్వంగా చెప్పారు.

తెచ్చిన కప్లరు గోడలోని పైపు చుట్టూ గాజులా తిరిగింది. "దేశంలో పైపులన్నీ దొంగ కొలతలతో అమ్ముతున్నారు" అని తీర్పిచ్చి, ఆ ఖాళీలో టెఫ్లాన్ టేపు చుట్టడం మొదలెట్టారు. టెఫ్లాన్ టేపు మరలున్న చోట వాడతారు, ఇక్కడ మరలు లేవు. ఆ మాట మెల్లిగా అన్నాను. "మరలు లేకపోతే టేపు ఎక్కువ చుట్టాలి నాయనా" అన్నారు. ఒక చుట్ట అయిపోయింది. రెండోది నా చేత తెప్పించారు. కప్లరు కదలడం మానలేదు.

మర్నాడు పైపు ముక్క ఒకటి పట్టుకుని పొయ్యి దగ్గరికొచ్చారు. ఇక్కడ ఆయన్ని మెచ్చుకోవాలి. పైపు మూతిని వేడిచేసి వెడల్పు చేసి, ఇంకో పైపు మీద తొడగడం మన పల్లెల్లో బోరుబావులవాళ్ళందరూ చేసే పనే. పీవీసీ ఎనభై డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది, చెప్పినట్టు వింటుంది. కాకపోతే మంటకి కొంచెం ఎడంగా తిప్పుతూ వెచ్చబెట్టాలి. బాబాయిగారు పైపుని నేరుగా మంటలో పెట్టారు. నల్లటి పొగ, ముక్కుపుటాలు కోసుకుపోయే యాసిడ్ వాసన. పక్క పొయ్యి మీద ఉడుకుతున్న పప్పుచారుని మా ఆవిడ గిన్నెతో సహా బాల్కనీలోకి తరలించింది. పొగ చూసి పిన్నిగారు పైనుంచి, "ఏమండీ, ఇంకా అక్కడే ఉన్నారా?" అని కేకేశారు. ఆవిడ వచ్చింది నిప్పు ఆర్పడానికో ఆయన్ని తీసుకుపోవడానికో తెలీదుగానీ చేతిలో బకెట్టు ఉంది.

రెండో ముక్క మాత్రం చక్కగా కుదిరింది. మూతి గుండ్రంగా విచ్చుకుంది, గోడలో పైపు మీద బిర్రుగా ఎక్కింది. ఎంత మేర? అర అంగుళం. ఇవతలి పైపు ఎంత నోరు తెరిచినా అవతలి పైపు ఇచ్చేది అంతేగా!

అప్పుడు ఎం-సీల్ బయటికొచ్చింది. మన ఇళ్ళల్లో ఏ రిపేరు కథైనా చివరికి అక్కడికే చేరుతుంది. రెండు రంగుల ముద్దలనీ సమానంగా పిసికి, పైపు చుట్టూ పెట్టి, దాని మీద వైట్ సిమెంటు మెత్తి, తడిచేత్తో నున్నగా నిమిరి, బాబాయిగారు గోడమీద చిన్న పుట్ట కట్టారు. ముడతల వేస్టు పైపుని మధ్యలో ఇనప తీగతో పైకి కట్టి యూ ఆకారంలో వంపు తిప్పారు. "రేపు పొద్దున్నదాకా చుక్క నీళ్ళు పడకూడదు" అని ఆర్డరు జారీ చేశారు. ఆ రోజు అంట్లన్నీ బాత్‌రూమ్‌లో తోముకున్నాం.

పొద్దున్నే పరీక్ష. బాబాయిగారు పుట్ట కింద పొడి న్యూస్‌పేపరు పరిచారు. బకెట్టు నీళ్ళు పోశాం. కాగితం మీద ఒక్క చుక్క లేదు. ఆయన లేచి నిలబడి, మా ఆవిడ వైపు చూసి, "అమ్మాయ్, కాఫీ" అన్నారు.

కాఫీ వచ్చేసరికి సింకులో నీళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి. పిసికి మెత్తిన ముద్దలో కొంత బయట పుట్ట అయితే, కొంత లోపలికి జారి గట్టిపడి, పైపు దారిని వేలు పట్టేంత సందు చేసింది. ఆ సందులో నిన్న పొరపాటున జారిన చింతపండు పిప్పి కూర్చుంది.

"నీళ్ళు పోవడం లేదు బాబాయిగారూ."

"లీకుందా?"

"లేదండీ."

"మరింకేం. నీళ్ళు పోకపోవడం వేరే ఫైలు."

ఆ వేరే ఫైలు ఎవరికి పంపాలో పిన్నిగారికి తెలుసు. ఆవిడ ఫోనులో ప్లంబరు నంబరు 'పాలవాడు' అన్న పేరుతో ఉంటుంది. ఇంటాయన కంటపడకుండా ఈ ఏర్పాటు. ఆవిడ మెట్ల దగ్గరికి వెళ్ళి, రెండు లీటర్లు కావాలన్నట్టు మాట్లాడి వచ్చారు. గంటలో పాలవాడు స్పానర్ల సంచితో దిగాడు.

కుర్రాడిది ఒడిశాలోని కేంద్రపడ జిల్లా. దేశంలో ఏ పెద్ద ఊళ్ళో పైపులు బిగించేవాళ్ళని కదిలించినా ఆ జిల్లావాళ్ళు తగులుతారు. అక్కడి పట్టాముండైలో ప్లంబింగ్ నేర్పడానికే ప్రభుత్వ సంస్థ ఉంది. మనవాడు అందులో చదివాడో, వాళ్ళ మావయ్య వెనక తిరిగి నేర్చుకున్నాడో నేనడగలేదు. సింకు కింద తొంగిచూసి, పుట్టని వేలితో తట్టి, "అంకుల్ చేశారా?" అన్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు. రోజూ వచ్చే బస్సు వచ్చిందా అని అడిగినట్టుంది.

"లోపలికి బుష్షు వేస్తే సరిపోదూ?" అని బాబాయిగారు మళ్ళీ రంగంలోకి దూకారు.

"వేయొచ్చు సార్. దారి సన్నం అవుతుంది. అంచు దగ్గర అన్నం ఆగుతుంది. మళ్ళీ నన్నే పిలుస్తారు."

చెప్పి, సన్న ఉలి తీసుకుని పైపు చుట్టూ టైలునీ వెనకాల సిమెంటునీ కొద్దికొద్దిగా చెక్కడం మొదలెట్టాడు. పైపుకి దెబ్బ తగలకుండా, పెంకు లేచినంతే. ఇన్నాళ్ళూ అందరం గోడ బయట అర అంగుళాన్ని పట్టుకుని వేలాడుతున్నాం. వాడు గోడ లోపల దాక్కున్న పైపు దగ్గరికే వెళ్ళాడు. ఒకటిన్నర అంగుళం బయటపడింది. మూతి నున్నగా రుద్ది, సరైన కప్లరు తొడిగి, సాల్వెంటు రాసి, కొద్దిగా తిప్పి నొక్కిపట్టుకున్నాడు. ఎల్బో ఒకటి, బాటిల్ ట్రాపు ఒకటి. అల్మరా సొరుగు కూడా యథాప్రకారం లోపలికి వెళ్ళింది.

ఇంతసేపూ బాబాయిగారు టార్చి పట్టుకుని ఊరుకోలేదు. ట్రాపులో నిలిచే నీళ్ళ మహిమ చెప్పారు. ఎస్ ఆకారపు వంపుకి 1775లో లండన్‌లో పేటెంటు తీసుకున్న అలెగ్జాండర్ కమింగ్ అసలు గడియారాలు చేసే మనిషనీ, ఆ వంపులో నీళ్ళుంటేనే డ్రైనేజీ గాలి ఇంట్లోకి రాదనీ, 2003లో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ ఫ్లాట్లలో ఎండిపోయిన ట్రాపుల దారిన సార్స్ పాకిందనీ. అన్నీ నిజాలే. ఆయన చదువుకి వంక లేదు. అయితే 1775 దగ్గర టార్చి పైకప్పుకి తిరిగింది, హాంకాంగ్ దగ్గర పూర్తిగా నా ముఖం మీద పడింది. ప్లంబరు ఫోను లైటు నోట కరుచుకుని పని కానిచ్చాడు.

డబ్బులిచ్చి పంపాక, కోసి పారేసిన ఎం-సీల్ పుట్టని బాబాయిగారు అటూ ఇటూ తిప్పి చూసి, తుడిచి, నీలం డబ్బాలో వేసుకున్నారు.

ఆ వేసవి చివర రజో పండక్కి ఊరెళ్ళిన ప్లంబరు తిరిగొస్తూ ఆకులో చుట్టిన ఛెనాపోడ మిఠాయి తెచ్చాడు. బ్లాకులో ఇరవై ఇళ్ళకి పని చేస్తాడుగానీ తెచ్చింది ఒక్క బాబాయిగారికే. కాళ్ళకి దండం కూడా పెట్టాడు. పెట్టడా మరి! వాడి ఏడాది సంపాదనలో మా బ్లాకు వాటా ఎంతో, అందులో నీలం డబ్బా వాటా ఎంతో వాడికి తెలుసు.

బాబాయిగారు నన్ను పిలిచి ముక్క తుంచి పెట్టారు. "చూశావటోయ్, గురుదక్షిణ. కుర్రాడికి చెయ్యి ఉంది, నా దగ్గర కాస్త ఒడుపు నేర్చుకున్నాడు." చెయ్యి తుడుచుకుని టార్చి అందుకున్నారు. "402లో గీజరు కారుతోందట. పద, ఊరికే చూసొద్దాం."

లోపలి గదిలోంచి పిన్నిగారి గొంతు సన్నగా వినిపించింది. "ఆఁ, పాలవాడేనా? రేపు పొద్దున్న నాలుగో అంతస్తుకి కూడా రా బాబూ. కాస్త పెందరాళే రా."